పగలు మూసిన తలుపులు

తలుపులను ఫోటో తీయడం నేను 1969వ సంవత్సరం ఏప్రిల్ పదిహేనో తేదీ, మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు మొదలుపెట్టాను. సమయం అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, గనిలో రెండో షిఫ్టుకు సైరన్ కూసి అప్పటికి పది నిమిషాలైంది. మా వరసలో గడియారం ఉన్న ఇల్లు ఒక్కటి కూడా లేదు, టైము తెలియని మనిషి కూడా లేడు. నాకు పదిహేనేళ్ళు. చేతిలో నల్లటి పెట్టె కెమెరా. ఎదురుగా మా ఇంటి తలుపు, మూసి ఉంది. తలుపు వెనుక మా నాయన నిద్రపోతున్నాడు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం పోయిన నెల వచ్చిన ఒక అమ్మాయి. బెంగళూరులో ఇళ్ళ నిర్మాణం గురించి చదువుతోందట. కోలారులో ఒక రిటైరైన లెక్కల టీచరు దగ్గర పాత తలుపుల ఫోటోలున్నాయని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది. పెట్టెలన్నీ నేల మీద పరిచి, మూడు గంటలు కూర్చుని ఒక్కొక్కటే చూసింది. లేచేటప్పుడు, "టీచర్, ఇన్ని ఊళ్ళు తిరిగారు, ఇన్ని తలుపులు తీశారు. ఒక్క తలుపూ తెరిచి లేదు. ఒక్క మనిషీ లేడు. ఎందుకలా?" అని అడిగింది. తలుపు పూర్తిగా కనబడాలంటే మూసి ఉండాలి కదమ్మా అన్నాను. అది అబద్ధం కాదు, కానీ అంతా చెప్పినట్టూ కాదు. ఆమె వెళ్ళాక కాఫీ తాగిన గ్లాసు కడిగి బోర్లిస్తుంటే, ఈ ఇంట్లో రెండో గ్లాసు తడిసి ఎన్నాళ్ళయిందో అని ఆలోచించాను. ఉగాదికి పాలవాడి పెళ్ళాం వచ్చి కూర్చున్నప్పుడు. అంతకు ముందు గుర్తు లేదు.

బంగారు గని కార్మికుల ఇళ్ళ వరసను మేము లైను అనేవాళ్ళం. మా లైన్లో ఇళ్ళన్నీ ఒకే కొలత. ఒక గది, దాని మూలలో పొయ్యి, పైన రేకు, ముందు ఒకే ఒక తలుపు. గనులు సర్కారు చేతికి వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. దొరలు వెళ్ళిపోయారు, వాళ్ళ బంగళాల్లోకి మన ఆఫీసర్లు వచ్చారు. మా తలుపులకు మాత్రం అదే పచ్చరంగు, దాని మీద అదే తెల్ల అంకె. మాది నలభై ఏడు. ఆ ఒక్క గదిలో నలుగురం: నాయన, అమ్మ, అమ్మను కన్న అవ్వ, నేను. మా అవ్వది శ్రీనివాసపురం అవతల రాయల్పాడు. కూతురికి కాన్పు చేయడానికి గనుల ఊరికి వచ్చి, తిరిగి పోవడం మరిచిపోయిన మనిషి. ఆమెకు ఆ ఇంట్లో నచ్చనిది ఒక్కటే, గడప లేకపోవడం. కంపెనీ వాళ్ళు తలుపు కింద సిమెంటు పోసి వదిలేశారు. "గడప లేని ఇంట్లో లచ్చిమి యాడ కాలు పెడతాది?" అని ఆమె ఊరి నుంచి ఒక వేప చెక్క తెచ్చుకుంది. రోజూ తెల్లవారి దాన్ని తలుపు కింద అడ్డంగా పెట్టి, కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టేది. శానిటరీ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే చెక్క తీసి చంకలో పెట్టుకుని నిలబడేది. అతను పోగానే మళ్ళీ పెట్టేది. మా గడప చేత్తో ఎత్తితే వచ్చే గడప.

మా నాయనది గని లోపల పైకప్పు కూలకుండా చెక్క దిమ్మెలు నిలబెట్టే పని. ఎడమ చేతి చిటికెన వేలు సగం ఒక దిమ్మె కింద పోయింది. ఆ పనిలో అందరికీ మూడు షిఫ్టులు వంతుల వారీగా వచ్చేవి. రాత్రి షిఫ్టు ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. నేను పెద్దమనిషినైన నెలలో నాయన గని ఆఫీసుకు పోయి, వద్దన్నవాళ్ళందరి రాత్రి షిఫ్టులూ తన మీద వేసుకుని వచ్చాడు. ఎందుకని నాతో ఎప్పుడూ చెప్పలేదు. అమ్మతో అన్నమాట మాత్రం నాకు వినబడింది. "రేత్రి పూట ముగ్గురు ఆడోళ్ళు కాళ్ళు చాపుకుంటే ఇంగ గదిలో చోటేడుండాది? నేను అడ్డం." ఆ తర్వాత ఆయన మా ఇంట్లో రాత్రి పూట పడుకున్నది వారానికి ఒక్కసారి, సెలవు రోజు. ఆ రోజు కూడా సగం రాత్రి బయట కూర్చునేవాడు, నిద్ర పట్టేది కాదు.

తెల్లవారి సైరన్ కూశాక అరగంటకు వచ్చేవాడు. ఆయన కంటే ముందు ఆయన వాసన వచ్చేది. తడి చెక్క వాసన, చెమట, పేల్చిన మందు వాసన, మూడూ కలిసి. బూట్లు తలుపు పక్కన విప్పి, వెనక్కి పోయి అమ్మ కాచిన వేడినీళ్ళు పోసుకుని, సంగటి ముద్ద పులుసులో ముంచి తిని, ఏడున్నరకు చాప మీద వాలేవాడు. అవ్వ గడప చెక్క కాస్త జరిపి తలుపు దగ్గరికి లాగేది. ఇక మధ్యాహ్నం మూడున్నర దాకా మేము ముగ్గురం బయటే. రేకు నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ కూరలు తరుక్కోవడం, బియ్యంలో రాళ్ళేరడం, నేనైతే లెక్కలు చేసుకోవడం. రుబ్బాల్సి వస్తే లైను చివర రాయి దగ్గరికి పోవాలి.

ఇది మా ఒక్క ఇంటి పద్ధతి కాదు. లైన్లో పగలు తలుపు తెరిచి ఉంటే అది మామూలు ఇల్లు. పగలు తలుపు మూసి ఉంటే లోపల రాత్రి షిఫ్టు మనిషి నిద్రపోతున్నాడని అర్థం. ఎవరూ చెప్పక్కర్లేదు. ఆకుకూరల ఆమె మూసిన తలుపు ముందుకు రాగానే కేక ఆపేసి, రెండు తలుపులు దాటాక మళ్ళీ మొదలుపెట్టేది. గోలీలాడే పిల్లలు గోలీలు జేబులో పోసుకుని నడిచేవాళ్ళు. అల్యూమినియం బిందె కింద పెట్టాలన్నా కాలు అడ్డం పెట్టి దించేవాళ్ళం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మూసిన తలుపంటే భయం లేదు, దిగులు లేదు. మూసి ఉందంటే మనిషి గని లోంచి పైకి వచ్చేశాడు, ఇంట్లో ఉన్నాడు. తెరిచి ఉన్న తలుపే అనుమానం, మనిషి ఇంకా గనిలోనే ఉన్నాడేమోనని. తలుపు వెనుక నుంచి ఆయన దగ్గు వినిపించేది. ముందు పొడిగా రెండు మూడు, తర్వాత లోపలి నుంచి పొడవుగా ఒకటి. ఆ పొడవుదాన్ని విని అమ్మ చేతిలో పని ఒక్క క్షణం ఆపి, మళ్ళీ సాగించేది.

కెమెరా ఇచ్చింది మా బళ్ళో ఇంగ్లీషు చెప్పిన ఆంగ్లో ఇండియన్ టీచరమ్మ. ఆస్ట్రేలియాలో ఉన్న అన్న దగ్గరికి వెళ్ళిపోతూ, సామాన్లు సర్దడానికి సాయం చేసిన నాకు దాన్ని ఇచ్చి, ఫిల్ము ఎలా వేయాలో, ఎలా తిప్పాలో చూపించింది. రోలుకు ఎనిమిది ఫోటోలు. కెమెరాను పొట్టకు ఆనించి, పైనున్న చిన్న అద్దంలోకి తల వంచి చూడాలి. ఊపిరి బిగబట్టాలి, మాట్లాడకూడదు, పెదవి కదిపినా బొమ్మ చెదిరిపోతుందని గట్టిగా చెప్పింది. ఆ మాటను నేను శాసనంగా పట్టుకున్నాను. ఇంటికి పరుగెత్తుకుని వచ్చింది మా నాయన ఫోటో తీయాలని. మా ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదు. పెళ్ళికి తీయలేదు. కంపెనీ కార్డు మీద తపాలా బిళ్ళంత ముఖం ఒకటి ఉండేది, అది పగలు ఆయన చొక్కాలో, రాత్రి ఆయనతో పాటు గని దగ్గర. వచ్చి చూస్తే తలుపు మూసి ఉంది. లేపడమనే మాట మా లైన్లో లేదు. నిలబడి, నిలబడి, తలుపునే తీశాను. కింద అవ్వ గడప, పక్కన బూట్లు, పైన నలభై ఏడు.

పక్కింటి మునెమ్మ చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గుసగుసగా నవ్వింది. "ఏమే పాపా, మనుసులు దొరకలేదా నీకు? తలుపును తీస్తాండావు?"

"నాయన పండుకోనుండాడు కదక్కా."

"అయితే మాది కూడా తియ్యి. మా మొగుడి మొగం కన్నా మా తలుపే నయం. అది తాగి రాదు."

ఆమె తలుపూ తీశాను. ఆ వేళ ఈ రెండింటితో కలిపి రాత్రి షిఫ్టు మనుషులున్న తలుపులు లైన్లో ఆరు కనబడితే ఆరూ తీశాను. రోలులో ఇంకో రెండు ఫోటోలు మిగిలాయి. మూడున్నరకు నాయన లేచి బయటికి వచ్చి మొహం కడుక్కుంటుంటే కెమెరా చూపించి అడిగాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూనే, "ఫోటో యాలమ్మా ఇప్పుడు? నేనేం పోయినానా?" అన్నాడు. నిజమే. లైనుకు ఫోటోగ్రాఫరు వచ్చేది ఎవరైనా పోయినప్పుడే. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, చుట్టూ ఇంటివాళ్ళు నిలబడి తీయించుకునేవాళ్ళు. చాలా ఇళ్ళలో మనిషికి ఉన్న ఒకే ఫోటో అది. "నేను పోయినాక తీసుకుందువులే. అప్పుడు కదలకుండా కూడా ఉంటాను" అని నవ్వి, నవ్వు దగ్గులోకి తిరిగి, చేత్తో పొమ్మని సైగ చేశాడు. అమ్మ ఆయన్ని కాదు, నన్ను తిట్టింది.

ఫోటోలు కడిగించి తెచ్చాక ఆయన తలుపుల బొమ్మలను చాలాసేపు చూశాడు. మా తలుపు బొమ్మలో బూట్ల మీద వేలు పెట్టి, "ఇదో, నేనుండాను గదా" అన్నాడు. అప్పటి నుంచి ఆయనకు ఒక నమ్మకం కుదిరింది: నా కూతురికి కావాల్సినవి తలుపులు. కాదని నేను చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కూడా, ఎందుకంటే సెలవు రోజు ఆయన నాతో బయటికి రావడానికి అదొక కారణమైంది. అవ్వకు వినాయకుడి మొక్కు ఉందని కురుడుమలె, సంతకు క్యాసంబళ్ళి, చుట్టాల ఇళ్ళకు ఇంకా లోపలి ఊళ్ళు. బస్సు దిగగానే నాయన వీధి పొడవునా చూసి, నాకంటే ముందు తలుపు పట్టేసేవాడు. ఇత్తడి బొడిపెలున్నది, చిలకలు చెక్కినది, కింద చెదలు తిని పైన మాత్రం నిలబడినది. ఎండ కెమెరా కంట్లో పడకుండా గొడుగు పట్టేవాడు. తలుపు మూయమని ఇంటివాళ్ళను అడిగేవాడు. అంతా కుదిరాక, నేను అద్దంలోకి తల వంచగానే, "నేను అడ్డముండానా పాపా?" అనేవాడు. నేను ఊపిరి బిగబట్టి ఉండేదాన్ని కనక జవాబు చెప్పేదాన్ని కాదు. జవాబు రాకపోతే అడ్డమున్నట్టే అని ఆయన లెక్క. పక్కకు జరిగిపోయేవాడు. చప్పుడయ్యాక మళ్ళీ వచ్చేవాడు.

కురుడుమలెలో ఒక ముసలామె మాత్రం తలుపు మూయనంది. గుడికి పోయే దారిలో చిన్న ఇల్లు, తలుపు మాత్రం పెద్ద ఇంటిది, ఎక్కడి నుంచో తెచ్చి పెట్టినట్టుంది.

"పట్టపగులు తలుపు మూసేదా? మూయను పోప్పా" అంది.

"రవ్వంత సేపే తల్లీ. పాప పటం తీసుకోని పోతాది" అన్నాడు నాయన.

"ఇంట్లో ఎవురన్నా చెడ్డ నచ్చత్రంలో పోతే మూస్తారు, కంపేసి, మూడు నెల్లు. సుమ్నే, ఊరికే మూస్తారా? ఏ ఊరప్పా మీది, ఇది కూడా తెలీదు?"

"గనులమ్మా మాది. మా కాడ మనిసి నిద్రపోతే మూస్తారు."

"పగులు నిద్రపోయేదేంది, మీరు మనుసులా గుడ్లగూబలా?"

నాయన నవ్వాడు. ఆమె నవ్వలేదు కానీ, మెత్తబడింది. తలుపు రెక్కలు రెండూ లాగి, మా పక్కకు వచ్చి నిలబడి, వీధి వైపు తిరిగి గట్టిగా చెప్పింది. "చూడండప్పా, ఎవురూ పోలేదు. నేను బతికే ఉండాను. ఫోటో తీస్తాండారు." అవ్వ ఆ మాట వచ్చే దారంతా చెప్పుకుని నవ్వింది. నాకు మాత్రం ఆ రోజు మొదటిసారి తెలిసింది, మా లైను దాటితే మూసిన తలుపుకు అర్థం వేరని.

అలా నాలుగేళ్ళు తిరిగాం. ఆ నాలుగేళ్ళలో నాయన దగ్గులో పొడి దగ్గులు తగ్గి పొడవువి ఎక్కువయ్యాయి. మూడో ఏటి నుంచి గొడుగు ఒక చేత్తో పట్టి రెండో చేత్తో గోడ పట్టుకునేవాడు. ఒక రోజు గని ఆస్పత్రి నుంచి పెద్ద కవరు ఒకటి తెచ్చాడు. లోపల ఆయన రొమ్ముకు తీసిన ఎక్స్‌రే. తలుపు దగ్గర నిలబడి వెలుతురుకు అడ్డం పట్టి నన్ను పిలిచాడు. "ఇదో పాపా, ఫోటో ఫోటో అంటాంటివే. లోపలిది కూడా తీసేసినారు." ఎముకల వెనుక మబ్బులా తెల్లగా ఉంది. అమ్మ చూసి, "దీంట్లో మొగం యాడుండాది?" అంది. "మొగం ఏం చేసుకుంటావు? నువ్వు సంగటి పెట్టింది ఈ ఎముకలకే గదా" అన్నాడు. ఇక గని లోపలికి దించకూడదని రాశారు. పని లేకపోతే ఇల్లు లేదు. కంపెనీ కార్డు తిరిగి ఇచ్చేశాడు, తపాలా బిళ్ళంత ముఖం దానితో పాటే పోయింది.

మేము అవ్వ ఊరు రాయల్పాడుకు పోయాం. ఇల్లు ఖాళీ చేసిన రోజు అవ్వ అన్ని సామాన్లూ బండిలో వేయనిచ్చి, గడప చెక్కను మాత్రం చంకలో పెట్టుకుని బస్సెక్కింది. రాయల్పాడు ఇంటికి ఎప్పటి నుంచో గడప ఉంది, పనస మాను తలుపు, రెండు రెక్కలు, బయట తిన్నె. చెక్కకు అక్కడ పని లేకపోయింది. మంచం కింద పెట్టుకుంది. ఒక వానాకాలం చెదలు పడితే అమ్మ పొయ్యిలో పెట్టేసింది. అవ్వ ఆ రోజు అన్నం తినలేదు.

నాయనకు రాత్రి నిద్ర రాలేదు. ఏళ్ళ తరబడి రాత్రి మేలుకున్న ఒళ్ళు, ఊరు మారితే మారలేదు. రాత్రంతా తిన్నె మీద కూర్చునేవాడు. తెల్లవారి సంగటి తిని, లైన్లో లాగే ఏడున్నరకు పడుకుని తలుపు వేసుకునేవాడు. మేము అలవాటుగా బయట కూర్చునేవాళ్ళం. మొదటి వారంలోనే ఊరి ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు.

"ఏమ్మా, తలుపేసినారు? ఎవురికేమాయె?"

"ఏం కాలేదక్కా. నిద్రపోతాండాడు."

"పగులా? ఒళ్ళు బాగలేదా?"

"బాగానే ఉండాది. గమ్మునుండండక్కా, లేస్తాడు."

వాళ్ళు గమ్మున ఉండేవాళ్ళు కాదు. ఆ తలుపు మీద వేలితో కొట్టి, "ఏమప్పా, బాగుండావా?" అని అడిగి, లోపలి నుంచి మాట వచ్చాకే పోయేవాళ్ళు. అది వాళ్ళ మంచితనం. మామిడి తోట కాపలాకు పోయేవాడు కూడా దారిలో ఆగి ఒకసారి పిలిచి పోయేవాడు. నెల తిరిగే లోపు నాయన తలుపు వేసుకోవడం మానేశాడు. "ఊరోళ్ళకు తిప్పలు. నా నిద్దర అందరికీ అడ్డమాయె" అన్నాడు. తెరిచిన తలుపు వెలుతురులో మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకునేవాడు. నిద్రపోయేవాడు కాదని నాకు తెలుసు, దగ్గులో తేడా తెలిసిపోయేది.

నాకు కోలారులో టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది. బయలుదేరే రోజు తెల్లవారి కెమెరాలో ఒక్క ఫోటో మిగిలి ఉంది. ఎనిమిదోది. రెండు నెలలుగా దాచుకున్నాను. క్యాసంబళ్ళిలో మంచి తలుపు కనబడినా తీయలేదు. అది నాయనకని పెట్టుకున్నాను. తూర్పు వెలుతురు తిన్నె మీదికి వచ్చే వేళ చూసి, "నాయనా, తలుపు కాడికి రా. ఒకటే మిగిలుండాది" అన్నాను. అంతే అన్నాను. నీ ఫోటో అని అనలేదు. అంటే మళ్ళీ పోయినాక అంటాడని, నిలబడ్డాక తీసేద్దామని అనుకున్నాను. ఆయన లేచి, తెల్ల చొక్కా వేసుకుని, బస్సు దాకా రావాలి కదా అని తల దువ్వుకుని వచ్చాడు. గడప లోపల, తెరిచిన రెండు రెక్కల మధ్య నిలబడ్డాడు. నేను వీధిలో నిలబడి అద్దంలోకి తల వంచాను. బొటనవేలంత మనిషి, తెల్లగా, నిటారుగా, అచ్చంగా మధ్యలో. అంతకు ముందు గానీ తర్వాత గానీ ఆయన్ని అంత సేపు ఎదురుగా చూసింది లేదు. ఊపిరి బిగబట్టాను.

"నేను అడ్డముండానా పాపా?" అన్నాడు.

నేను మాట్లాడలేదు.

మీట నొక్కిన వేలికి, కంటికి మధ్య ఎంత సమయం ఉంటుందో నాకు తెలియదు. తల ఎత్తేసరికి తలుపు మూసి ఉంది. లోపలి నుంచి, "అయిందా?" అని వినిపించింది. ఎందుకు మూశావు నాయనా అంటే, తలుపు తెరిచి బయటికి వచ్చి, "నీకు మూసింది గదా కావాల్సింది. తెరిచింది నువ్వెప్పుడు తీసినావు?" అన్నాడు. బస్సుకు వేళైంది. ట్రంకు పెట్టె తానే ఎత్తబోయి, ఎత్తలేక, అమ్మకు వదిలాడు. బస్సు దాకా గొడుగు నాకు పట్టాడు.

కోలారులో ఫోటో కడిగించాను. పనస తలుపు చక్కగా వచ్చింది. ఎడమ రెక్క పూర్తిగా మూసుకుంది. కుడి రెక్క అంచు మీద, దాన్ని లోపలికి లాగుతున్న ఎడమ చేతి వేళ్ళు ఉన్నాయి. మూడు పూర్తిగా, నాలుగోది సగం. ఏం ఫరవాలేదు, దసరా సెలవులకు పోయి నీ ఫోటోనే అని చెప్పి తీద్దామని కొత్త రోలు తెచ్చి పెట్టుకున్నాను. సెలవులకు తొమ్మిది రోజులు ఉండగా కబురు వచ్చింది.

నేను చేరేసరికి ఆయన్ని తిన్నె మీదికి తెచ్చి కూర్చోబెట్టి ఉన్నారు. దండ వేశారు. అందరూ నా సంచి వైపు చూశారు, కెమెరా అందులో ఉందని అందరికీ తెలుసు. "తియ్యి పాపా, ఎత్తేలోపల" అన్నారు. కదలకుండా ఉంటానని ఆయనే అన్నాడు. కదలకుండానే ఉన్నాడు. కానీ కళ్ళు మూసి, గడ్డం కట్టి ఉన్న ఆ ముఖం ఎవరికీ అడ్డం కాని ముఖం. అది ఆయనది కాదు. సంచి విప్పలేదు. అవ్వ నా చేయి పట్టుకుని, "వద్దంటే వద్దులే" అంది.

నక్షత్రం మంచిది కాదన్నారు. ఇల్లు మూడు నెలలు మూసిపెట్టాలన్నారు. అమ్మా, అవ్వా ఎదురింటి వాళ్ళ పశువుల పాక పక్కన గదిలో ఉన్నారు. పనస తలుపు రెండు రెక్కలూ మూసి, అడ్డంగా కంప వేశారు. ఆ మూడు నెలల్లో రెండుసార్లు వెళ్ళాను. ఊరి ఆడవాళ్ళు ఆ తలుపు ముందుకు రాగానే మాట ఆపి, అడుగు తేలిగ్గా వేసి, దాటాక మళ్ళీ మాట్లాడుకునేవాళ్ళు. ఎవరూ తలుపు కొట్టలేదు, ఏమప్పా బాగుండావా అనలేదు. వాళ్ళది భయం. నాకు మాత్రం లైన్లో ఉన్నట్టే ఉంది. మనిషి పైకి వచ్చేశాడు, తలుపు మూసి ఉంది, మూడున్నర దాకా ఎవరూ లేపరు. ఎదురు తిన్నె మీద కూర్చుని, బియ్యంలో రాళ్ళేరుతున్న అమ్మ చేతులు చూశాను. పొడవు దగ్గు వచ్చే వేళకు ఆ చేతులు ఆగాయి. కాసేపటికి మళ్ళీ సాగాయి.

ఆ తర్వాత నేను ముప్పై ఆరేళ్ళు లెక్కలు చెప్పాను. బదిలీ అయిన ప్రతి ఊళ్ళో సెలవు రోజున తలుపులు వెతికాను, పెద్ద నగరాలకు పోతే అక్కడా వెతికాను. మూయమని అడిగి, మూసినవే తీశాను. తోడు గొడుగు పట్టేవాళ్ళు లేరు కనక ఎండ ఎటుందో చూసుకుని తీయడం నేర్చుకున్నాను. తల వంచి చూసే కెమెరా పోయి కంటికి పెట్టుకునేది వచ్చింది, అది పోయి ఫోను వచ్చింది. ఇప్పుడు ఊపిరి బిగబట్టక్కర్లేదట, మాట్లాడుతూ తీయవచ్చు. గనులు మూతపడ్డాక రెండు సార్లు మా లైనుకు వెళ్ళాను. రెండోసారి నలభై ఏడుకు ద్వారబంధం ఉంది, తలుపు లేదు. లోపలికి తొంగి చూస్తే వెనుక గోడ కూడా లేదు, అవతలి బూడిద దిబ్బ కనబడింది. సైరన్ లేదు. లైన్లో ఉన్న కొద్దిమందీ తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పనికి పోయి రాత్రికి వస్తారట. పగలు నిద్రపోయే మనిషి అక్కడ ఒక్కడూ లేడు, మెల్లగా నడవాల్సిన పనీ లేదు. అయినా నేను మెల్లగానే నడిచాను. ఇక్కడ కోలారులో నా తలుపు ఇనుపది, పగలూ రాత్రీ వేసే ఉంటుంది. వీధిలో అందరివీ అంతే. మూసి ఉందని ఎవరూ వచ్చి ఏమ్మా, బాగుండావా అని కొట్టరు. మూసి ఉందని ఎవరూ కేక తగ్గించరు కూడా.

ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు ఇది. లెక్క కూడా రాసి ముగిస్తాను. తీసిన తలుపులు నాలుగు వందల పన్నెండు. చెమ్మకు అతుక్కుని చెడినవి తొంభై ఆరు. మా లైన్లో నేను మొదటి రోజు తీసిన తలుపులు ఆరు, ఇప్పుడు నిలిచి ఉన్నది ఒక్కటీ లేదు. గడప ఒకటి, కాలిపోయింది. ఎక్స్‌రే ఒకటి, అమ్మ చనిపోయిన ఏడు ఇల్లు సర్దడంలో పోయింది. కంపెనీ కార్డు ఒకటి, తిరిగి ఇచ్చాం. దసరాకు కొన్న రోలు ఒకటి, వాడలేదు, గడువు దాటింది. మా నాయన ఒక్కడు. అందులో నా దగ్గరున్నది ఎడమ చేతి వేళ్ళు మూడున్నర, మిగతాదంతా పోయింది.